సంపూర్ణమ్మ పద్నాలుగు వరసలు

పగటిపూట ఉప్పుగుంటపాలెంలో రేడియో గంటలా మోగుతుంది. వినటానికి మనుషులుండరు, చేలల్లో ఉంటారు. పొద్దుగుంకాక మనుషులుంటారు, రేడియో ఉండదు. అంటే పెట్టె ఉంటుంది. పెట్టెలో దీపం వెలుగుతుంది. పంచాయతీ ఆఫీసు కప్పు మీద లౌడుస్పీకరు గొట్టం నోరు తెరుచుకునే ఉంటుంది. ఆ నోట్లోంచి వచ్చేది మాత్రం ఏ దేశం వాడిదో తెలియని గొంతు. వాడు ధాటిగా మాట్లాడతాడు, మధ్యలో బాకాలూదిస్తాడు, మళ్ళీ మాట్లాడతాడు. వాడి కింద ఎక్కడో, నూతిలో పడ్డ చెంబు చప్పుడులా, మన తెలుగు.

చల్లపల్లికి పది మైళ్ళ దిగువనున్న ఊరిది. కాలవ నీళ్ళు అందరికీ అందాక ఇక్కడికొస్తాయి. అందుకే ఊడ్పులు కూడా ఆలస్యం, పై ఊళ్ళలో పైరు పచ్చబడుతుంటే ఇక్కడ ఇంకా నారు పీకుతుంటారు. ఇలాంటి ఊళ్ళ కోసమే బెజవాడలో డెల్టా పల్లెసీమ కేంద్రమని ఒక చిన్న రేడియో స్టేషను పెట్టారు. పెట్టిన రోజున ఉపన్యాసాలిచ్చారు. శ్రమజీవి ఇంటికొచ్చి నడుం వాల్చే వేళకు అతని పాట అతనికే వినిపిస్తామన్నారు. చాలా గొప్ప మాట. ఆ వేళకు తమ స్టేషను ఆ ఇంటిదాకా వెళ్తుందా లేదా అని ఉపన్యాసకుల్లో ఒక్కడూ అడగలేదు.

అడిగిన మనిషి సంపూర్ణమ్మ.

సంపూర్ణమ్మకప్పుడు నలభై ఆరేళ్ళు. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివింది. బైబిలు కూడబలుక్కోకుండా చదువుతుంది, కాగితం మీద గుండ్రంగా రాస్తుంది. భర్త పుల్లయ్య కాలవ తూము దగ్గర పనిచేస్తాడు, రోజుకు పది మాటలకు మించి ఖర్చుపెట్టడు. పేటలో ఊడ్పుల ముఠా ఆమెది. తనతో కలిపి పదిహేను మంది ఆడవాళ్ళు. వరసలో ఎవరి చోటు వాళ్ళకుంటుంది. గట్టు పక్కనుంచి మొదలుపెట్టి ఎన్నో మనిషి ఎవరంటే, ఏ చేలో అయినా, ఏ ఏడైనా, ఒకే జవాబు. సంపూర్ణమ్మ పాట ఎత్తుకుంటుంది, తక్కిన పద్నాలుగు మంది అందుకుంటారు. ఆ అందుకోవటంతోనే పద్నాలుగు చేతులూ ఒక్కసారి బురదలో దిగుతాయి. పాట ఆగితే చేతులు ఎవరిష్టం వాళ్ళవి. నాటు వంకర పోతుంది. కాబట్టి పాట ఎత్తుకునే మనిషంటే ముఠాకు పెద్ద అనే అర్థం.

ఈ సంగతి తెలియనివాళ్ళు దాన్ని జానపదమంటారు. సంస్కృతి అంటారు. కాపాడుకోవాలంటారు. నడుం వంచి రోజుకు పది గంటలు బురదలో నిలబడ్డవాళ్ళు దాన్ని పని అంటారు.

పంతొమ్మిది వందల డెబ్బయి నాలుగు మే నెలలో సంపూర్ణమ్మను పాడటానికి బెజవాడ పిలిచారు. స్టూడియోలో ఫ్యాను ఆపేసి, తలుపు బిగించి, మైకు ముందు నిలబెట్టారు.  రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయింది. కార్యక్రమాలు చూసే ఆయన మంచినీళ్ళు తెప్పించాడు.

"భయపడకండమ్మా. ఎవరూ లేరనుకోండి."

"బయం కాదండీ. నిలబడి ఎప్పుడూ పాళ్ళేదు. వంగితే వచ్చుద్ది."

చివరికి మైకు కడ్డీని మోకాలెత్తుకు దించారు. ఆమె చీర చెంగు నడుముకు దోపి, స్టూడియో తివాచీ మీద వంగి, పాడింది.

ఆ పాట ఆమె ఆ ఏడు కొత్తగా కట్టింది. చేను ఎవరిదైనా కావచ్చు, వరస మాత్రం నాటిన మనిషిది, ఇదీ దాని సారం. ఒక్కొక్క చరణానికి ముఠాలో ఒక్కొక్క మనిషి. వరసలో నిలబడే క్రమంలోనే పద్నాలుగు పేర్లు. "ఫలానమ్మ నాటిందీ వరసా" అని ఆమె ఎత్తుకుంటే, "వంకర లేని వరసా" అని మిగతావాళ్ళు అందుకోవాలి. స్టూడియోలో మిగతావాళ్ళు లేరు. ఆమె ప్రతి పేరు తర్వాతా ఆగింది.

"మధ్యలో ఎందుకాగుతున్నారు?" అన్నాడు కార్యక్రమాలాయన.

"మావోళ్ళు అందుకుంటారండీ."

"ఇక్కడెవరూ లేరుగా?"

"రేడియోలో ఇంటారుగా. ఆడ అందుకుంటారు."

ఆయన నవ్వి, సరే కానివ్వమన్నాడు. పాటలో ఆమె పేరు ఎక్కడైనా పెట్టుకుందా అని కూడా అడిగాడు. లేదంది. పాడేది తానేగా, మళ్ళీ పేరెందుకంది.

జూలై పదిహేడు, బుధవారం, రాత్రి ఎనిమిదీ పదిహేనుకు ప్రసారమని కార్డు వచ్చింది. సంపూర్ణమ్మ ఆ కార్డు పట్టుకుని పద్నాలుగు ఇళ్ళకూ తిరిగింది. నీ పేరు రేడియోలో వస్తుందని ఒక్కొక్కరికీ విడిగా చెప్పింది. ఓటరు జాబితాలో తప్ప ఇంకెక్కడా పేరు లేని మనుషులు వాళ్ళు. కొందరికి ఆ జాబితాలోనూ తప్పే.

ఆ రోజు ఆరున్నరకే పేటంతా పంచాయతీ ఆఫీసు ముందు చేరింది. అప్పటికి రేడియో దివ్యంగా ఉంది. పంచాయతీ గుమాస్తా వెంకటప్పయ్య ధరవరలు వినిపించాడు, వాతావరణం వినిపించాడు. ఏడింటికి చీకటి పడింది. మాట ఒకసారి దగ్గరకొచ్చి ఒకసారి దూరంపోవటం మొదలుపెట్టింది. ఏడున్నరకు బాకాలు వినిపించాయి. ఎనిమిదీ పదిహేనుకు ఆ దూరదేశం పెద్దమనిషి పూర్తిగా ఊళ్ళోకి దిగాడు. వెంకటప్పయ్య ముల్లు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పెట్టె నెత్తిన ఒకటి చరిచాడు. పావుగంట పాటు పేటంతా నోరు మూసుకుని, అర్థంకాని భాషలో ఎవరో ఎవరినో ఎందుకో తిట్టడం విన్నది.

ముందు నోరు విప్పింది మార్త. పుల్లయ్యకు స్వయానా చెల్లెలు, సంపూర్ణమ్మకు ఆడపడుచు. వరసలో పదో మనిషి. నోట్లో మాట నిలవదు.

"వదినా, ఈ బాస నీకెప్పుడొచ్చిందే? బెజవాడలో రెండ్రోజుల్లో నేర్పేశారా?"

జనం పగలబడి నవ్వారు.

"గొంతు కూడా మారిందే! మీసాలొచ్చినట్టుంది మనిషికి!"

"మార్తా, అది మన టేషను కాదు. మనది కింద ఉంది, దాన్ని తొక్కేశాడు ఈడు" అంది సంపూర్ణమ్మ.

"తొక్కాడో, అసలు లేదో. మా పేర్లన్నావు. ఏయీ?"

అదీ అసలు ప్రశ్న. పాట వినపడకపోవటం ఒక సంగతి. పేర్లు చదివానన్న మాట నిజమా కాదా అనేది ఇంకో సంగతి. బెజవాడ వెళ్ళి, తనొక్కతే గొప్పదైపోయి, వీళ్ళ పేర్లు మింగేసి వచ్చి, వాకిలి వాకిలికీ తిరిగి అబద్ధం చెప్పిందని తెల్లవారేసరికి పేటంతా అనుకుంది. మర్నాడు చేలో సంపూర్ణమ్మ పాట ఎత్తుకుంది. ఎవరూ అందుకోలేదు. రెండోసారి ఎత్తుకుంది. పద్నాలుగు మందీ వంగినవాళ్ళు వంగినట్టే, ఎవరి నాటు వాళ్ళు నాటుకుంటూ పోయారు. వారం తిరిగేసరికి నాట్లు చూసుకునే మేస్త్రీ వచ్చి, వరస వంకర పోతోంది, పాట మార్త ఎత్తుకుంటే మంచిదన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఎత్తుకున్న మనిషి నోరు మూసుకుని నాటింది.

ఇలాంటప్పుడు ఓదార్పు చెప్పేవాళ్ళకు మన దేశంలో కొదవ లేదు. మిషను గుడిలో ఉపదేశి, మనుషులు వినకపోతేనేం, ప్రభువు విన్నాడమ్మా అన్నాడు. ప్రభువుకు రేడియో అవసరం లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. పంచాయతీ ప్రెసిడెంటు ఇంకో మెట్టు ఎక్కాడు. ప్రభుత్వం మనకోసం ఇంత ఖర్చుపెట్టి స్టేషను పెడితే దాంట్లో తప్పులెంచటం పద్ధతి కాదన్నాడు. ఆయనింట్లో మర్ఫీ రేడియో ఉంది. పగలు వింటాడు. పగలు ఇంట్లో ఉండగల మనిషాయన.

సంపూర్ణమ్మ ఇద్దరికీ దణ్ణం పెట్టి, సోమవారం పని మానుకుని, బెజవాడ బస్సెక్కింది.

స్టేషనులో ఆమెను ఏడుకొండలుగారనే అసిస్టెంటు ఇంజనీరు దగ్గరకు పంపారు. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. గోడ మీద కృష్ణా జిల్లా మ్యాపు. మ్యాపు మీద రెండు గీతలు, పెద్ద గుండ్రం నీలం రంగులో, చిన్న గుండ్రం ఎరుపులో.

"ఈ నీలం గీత పగలు మేము వినపడే మేర. మీ ఊరు ఇదిగో, లోపలే ఉంది. ఎర్రగీత రాత్రి మేర."

ఎర్రగీత ఉయ్యూరు దాటగానే తిరిగి వెనక్కు పోయింది. దానికీ ఉప్పుగుంటపాలేనికీ మధ్య జానెడు ఖాళీ మ్యాపు.

"రాత్రయితే ఎందుకండీ చిన్నదైపోద్ది?"

ఆయన ఓపిగ్గా చెప్పాడు. పగలు ఎండ వల్ల ఆకాశంలో ఒక పొర ఏర్పడుతుంది, దూరం నుంచి వచ్చే తరంగాల్ని అది మింగేస్తుంది. పొద్దుగుంకాక ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు వేల మైళ్ళ అవతలి స్టేషన్ల తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి, అద్దానికి తగిలిన వెలుగులా కిందికి దిగుతాయి. మా మీటరు మీదే, అంటే రేడియోలో మా ముల్లు నిలిచే చోటే, ఇంకో దేశంలో ఒక స్టేషనుంది. అది దిగేది సరిగ్గా మీ ప్రాంతంలో.

"మరి మీరూ గొంతు పెంచొచ్చుగా?"

"కుదరదమ్మా. రాత్రిపూట మా ప్రసారం బలం ఒక్క కిలోవాటు దాటకూడదు. ఆ షరతు మీదే మాకీ మీటరిచ్చారు. మేం పెంచితే పరాయి స్టేషన్ల ప్రసారం చెడుతుంది."

"మేం ఆళ్ళది చెడగొట్టకూడదు. ఆళ్ళు మాది చెడగొట్టొచ్చు?"

"వాళ్ళది అయిదొందల కిలోవాట్లు. పాత స్టేషను. వాళ్ళ హక్కు వాళ్ళకుంది."

"అంటే మా ఊరు పగలు మీదీ, రాత్రి ఆళ్ళదీ అన్నమాట."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది తన మీద వేసిన దెబ్బ కాదని ఆయనకు తెలుసు. అయినా తగిలింది.

ఎర్రగీత అవతల జనం ఉన్నారని తెలిసీ, ఆ జనం పాటల్నే రాత్రి ఎనిమిదింటికి ఎందుకు వేస్తున్నారు? పొద్దున పూట కచేరీలున్నాయి, మధ్యాహ్నం ప్రసంగాలున్నాయి, అవి కదిలించటానికి లేదు. పల్లె పాటకు పల్లె తీరిక వేళ అనుకున్నారు. అది మంచి ఉద్దేశమే. ఉద్దేశాన్ని మ్యాపు పక్కన పెట్టి చూడటం ఎవరి ఉద్యోగమూ కాకపోయింది.

సంపూర్ణమ్మ ఇవన్నీ అనలేదు. ఒక్కటే అడిగింది.

"నా పాట పగలొక్కసారి వెయ్యండి. చాలు."

టేపు ఇంకా ఉందన్నాడు. ఆగస్టు ఆఖరుకు దాన్ని తుడిచేసి దాని మీద ఇంకో కార్యక్రమం ఎక్కిస్తారు, టేపులకు కరువు. ఈలోపు పగలు మళ్ళీ వేయాలంటే, రాత్రి ఆ ప్రాంతంలో అందలేదని రుజువుండాలి. ఆయన లేచి బీరువాలోంచి ఒక కట్ట తీశాడు.

"ఇబ్బందేమిటంటే ఇదమ్మా. ప్రతి పంచాయతీకి నెలనెలా కార్డు పంపుతాం. పగలు ఎలా వినపడుతోంది, రాత్రి ఎలా వినపడుతోంది, రాసి పంపుతారు. ఇవి మీ ఊరివి. మొత్తం ముప్పయ్యొకటి."

ఆమె కట్ట విప్పింది. పగలు: చాలా బాగుంది. రాత్రి: చాలా బాగుంది. తర్వాతి కార్డు. పగలు: చాలా బాగుంది. రాత్రి: చాలా బాగుంది. ముత్యాల్లాంటి దస్తూరీ. ముప్పయ్యొక్క కార్డుల కిందా ఒకటే సంతకం, వెంకటప్పయ్యది. ఒకదాని మీద అదనంగా, 'తమ సేవకు మా గ్రామం తరఫున సదా కృతజ్ఞతలు' అని కూడా ఉంది.

"రాత్రి బాగాలేదని ఒక్క ఊరు రాసినా నేను పైకి రాసేవాణ్ణి" అన్నాడు ఏడుకొండలుగారు. "ఎర్రగీత అవతలి ఊళ్ళు నలభై. నలభై ఊళ్ళూ చాలా బాగుందనే రాస్తున్నాయి."

సాయంత్రం బస్సు దిగి సంపూర్ణమ్మ తిన్నగా పంచాయతీ ఆఫీసుకెళ్ళింది. వెంకటప్పయ్య తాళం వేస్తున్నాడు.

"గుమాస్తాగారూ, రాత్రిపూట మన రేడియో చాలా బాగుందంటగా?"

ఆయనకు వెంటనే అర్థమైంది. తాళం చెవి జేబులో వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏం రాయమంటావు సంపూర్ణా?"

"ఇనపడినట్టు రాయమంటా."

"బెజవాడ నుంచి పెద్దాఫీసోళ్ళు ఎలా ఉందండీ అనడిగితే, బాగోలేదని రాస్తామా? పెళ్ళికెళ్ళి భోంచేసి, వియ్యంకుడు ఎలా ఉందండీ అంటే చారు నీళ్ళగా ఉందంటామా? చాలా బాగుందండీ అంటాం. మర్యాద."

"చారు నీళ్ళగుంటే తినేది నేనండీ. మర్యాద మీదా?"

"అది కాదే. బాగోలేదంటే సెట్టు చెడిపోయిందనుకుంటారు. బాగుచేస్తామని పట్టుకుపోతారు. కింద ఊళ్ళో సెట్టు అట్టా పట్టుకుపోయి రెండేళ్ళయింది, మళ్ళీ మొహం చూపించలేదు. పగలన్నా మోగుతోంది కదా, ఎందుకు పోగొట్టుకోవటం?"

"పగలు మోగితే ఎవురింటన్నారు?"

"ప్రెసిడెంటుగారు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"రాత్రి మీరూ ఆ ముల్లు తిప్పుకుంటా మాతోనే కూకున్నారుగా. నన్ను అబద్దాలకోరంటంటే మీ చెవుల్తో ఇన్నారుగా. నోరిప్పలా."

వెంకటప్పయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళతో వచ్చే నష్టం కొలవచ్చు. నలభై ఊళ్ళలో నలభై మంది మంచి గుమాస్తాలు, నెలనెలా, ఎవరి మనసూ నొప్పించకుండా, నలభై ఊళ్ళ నోళ్ళు కుట్టేశారు. ఎర్రగీత గీసింది ఆకాశమైతే కావచ్చు, దాన్ని కాగితాల మీద చెరిపేసింది మాత్రం ఈ మర్యాద.

ఆయన మళ్ళీ తలుపు తీశాడు. ఆగస్టు నెల కార్డు బల్ల సొరుగులోనే ఉంది. సంపూర్ణమ్మ అక్కడే, ఆయన కలంతోనే రాసింది. 'పగలు: బాగుంది. రాత్రి: వినపడలేదు. రెండేళ్ళ ఏడు నెలల నుంచి వినపడలేదు.' ఆయన సంతకం చేశాడు. దస్తూరీ మొదటిసారి వంకర పోయింది.

ఆ కార్డు పనిచేసింది. ఎలా పనిచేసిందంటే, విచారణకు ఏడుకొండలుగారే జీపులో వచ్చారు, పదహారో తారీకున, పగలు పదకొండింటికి. పంచాయతీ సెట్టు విప్పి చూశారు. ఏదో మీటరు పెట్టి కొలిచారు. రేడియోలో వేరుశనగ తెగులు గురించిన ప్రసంగం, మాట మాటా వినబడుతోంది.

"ఫస్టుక్లాసుగా ఉందే!" అన్నాడాయన.

"పగలు బాగుందనే రాశానండీ" అంది సంపూర్ణమ్మ. కబురు తెలిసి, చేలోంచి బురద కాళ్ళతో వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"రాత్రి సంగతి కూడా చూస్తామమ్మా. లెక్కగట్టి చెప్పొచ్చు."

"లెక్క దేనికండీ, ఉండి ఇనండి."

ఆయన గడియారం చూసుకున్నాడు. మూడింటికి బయలుదేరకపోతే చీకటిపడేలోగా మంచి రోడ్డెక్కలేం. ఆ మాట ఆయన ఎంతో సహజంగా అన్నాడు. మూడేళ్ళలో ఈ దిగువ ఊళ్ళకు తనిఖీకి వచ్చిన ప్రతి జీపూ మూడింటికే బయలుదేరింది. స్టేషను వాళ్ళలో ఒక్కరు కూడా తమ స్టేషనును ఎర్రగీత అవతల చీకట్లో వినలేదు. మధ్యాహ్నం పూట వచ్చి రాత్రిని కొలిచి వెళ్ళారు.

జీపు ఊరు దాటి చేల మధ్య రోడ్డు మీదికొచ్చింది. అక్కడ ముఠా నాటుతోంది, సంపూర్ణమ్మ కూడా వరసలోకి తిరిగొచ్చింది. ఆ సీమలో ఒక ఆచారముంది. ఊడ్పులప్పుడు దారిన పోయే పెద్దమనిషి కాళ్ళ ముందు కూలి ఆడవాళ్ళు నారుకట్ట పెట్టి అడ్డుకుంటారు. ఏదో ఒకటి ఇచ్చిందాకా ఆయన దాన్ని దాటకూడదు. ఎంత మోతుబరైనా నారు తొక్కిపోడు.

మొదటి కట్ట జీపు ముందు పెట్టింది మార్త. ఆమె వెనక ఒక్కొక్కరే గట్టెక్కి వచ్చి, రోడ్డుకడ్డంగా నారుకట్టలు పేర్చారు. డ్రైవరు బ్రేకు వేశాడు. ఏడుకొండలుగారు నవ్వుతూ జేబులోంచి రూపాయి తీశారు.

"రూపాయెవురిక్కావాలండీ" అంది మార్త. "పొద్దుగుంకేదాకా ఉండిపోవటమే మామూలు."

"అదేం మామూలు?"

"మా వదిన మా పేర్లు చదివిందో మింగిందో తేలాలండీ. రాత్రి ఇనపళ్ళేదంటే నేనూ నమ్మలా. మీ టేషను మీరే ఇని, ఏది ఎట్టా ఇనపడిందో మీ చేత్తో రాసియ్యండి. మీరు రాస్తే నమ్ముతా."

"అయితే నీ వదిన్ని నమ్మవా?"

"ఆడపడుచునండీ. నాకేం కర్మ?"

వెనక ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. సంపూర్ణమ్మ నవ్వలేదు. కట్టలు తీయమని ఆయన డ్రైవరుతో అన్నాడు. డ్రైవరు ఉయ్యూరు దగ్గరివాడు.

"నారు దాటి నేను బండి నడపనండీ. తమరు కావాలంటే నడుచుకుంటూ దయచేయండి" అన్నాడు.

ఏడుకొండలుగారు ఉండిపోయారు. ప్రెసిడెంటు కంగారుగా తన ఇంటికి భోజనానికి పిలిచాడు, మర్ఫీ సెట్టు చూపిస్తానన్నాడు. వద్దు, పంచాయతీ ఆఫీసు దగ్గరే ఉంటానన్నాడాయన. ఏడింటికి పేటంతా చేరింది. చీకటి పడింది. మాట దగ్గరా దూరం కావటం మొదలైంది. బాకాలు వచ్చాయి. ఎనిమిదింటికి ఆ పెద్దమనిషి ఎప్పట్లా వచ్చి ఊళ్ళో కూర్చున్నాడు. ఏడుకొండలుగారి మీటరులో ముల్లు బాగానే లేచి నిలబడింది. అది కొలుస్తున్నది ఎవర్నో ముల్లుకు తెలియదు. ఆయన తల వంచుకుని విన్నాడు. తన స్టేషను ప్రకటన, తనకు కంఠతా వచ్చిన ఆ నాలుగు మాటలు, ఎదటివాడి ఊపిరి సందుల్లో వెతుక్కున్నాడు. దొరకలేదు.

"కార్డుందా?" అన్నాడు వెంకటప్పయ్యతో.

రాశాడు. 'రాత్రి: వినపడలేదు.' కింద సంతకం, హోదా, గంట, నిమిషం. మార్త ఆ కార్డును లాంతరు దగ్గర పట్టుకుని, చదువు రాకపోయినా, కిందా మీదా చూసి ఇచ్చింది.

"ఇంక టేపు సంగతి చెప్పండి" అంది సంపూర్ణమ్మ.

"ముప్పయ్యో తారీకు, శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండూ నలభైకి నాలుగు నిమిషాలు ఖాళీ ఉంది. వేయిస్తాను. నా మాట."

"అప్పుడు మేం చేలో ఉంటామండీ."

 జవాబు ఆమెకే తోచింది. వెంకటప్పయ్య వంక చూసింది. ఆయన చూపు కప్పు మీదున్న లౌడుస్పీకరు గొట్టం మీదికి పోయింది. పెట్టిన రోజు నుంచీ అది ప్రెసిడెంటుగారి వీధి వైపే తిరిగుంది.

శుక్రవారం పొద్దున్నే వెంకటప్పయ్య, యాభై మూడేళ్ళ మనిషి, పంచె ఎగగట్టి నిచ్చెనెక్కి, ఆ గొట్టాన్ని దక్షిణం వైపు చేలకు తిప్పి కట్టాడు. ప్రెసిడెంటు కింద నిలబడి, ఎవర్నడిగి తిప్పుతున్నావన్నాడు. దిగాక చెబుతానండీ అన్నాడు వెంకటప్పయ్య. దిగాకా చెప్పలేదు.

పన్నెండూ నలభైకి ముఠా ఆఖరి మడిలో ఉంది. గాలి ఊరివైపు నుంచే వస్తోంది. ముందు ప్రకటన వచ్చింది, శ్రామిక స్త్రీల పాట అని. శ్రామిక స్త్రీ పేరు చెప్పలేదు. తర్వాత గొంతు. స్టూడియోలో వంగి పాడిన గొంతు, అర మైలు చేల మీదుగా, కొంచెం రేకు చప్పుడుతో. నడుములు లేచాయి.  మొదటి పేరు వచ్చింది. ఆ పేరు గల మనిషి చేతిలో నారు జారిపోయింది. పేరు తర్వాత రేడియో ఆగింది. ఆ ఖాళీ ఎందుకో అప్పుడు తెలిసింది వాళ్ళకు. ఒకళ్ళిద్దరు, లోగొంతుతో, "వంకర లేని వరసా" అన్నారు. రెండో పేరుకు అయిదారుగురు. నాలుగో పేరుకు అందరూ. అందరూ అంటే పదమూడు మంది. మార్త పెదవి కదపలేదు. వేళ్ళమీద లెక్కపెట్టుకుంటోంది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిదో మనిషి తన పక్క మనిషి.

అక్కడ పాట సన్నగిల్లింది. సన్నగిల్లి, ఆగిపోయి, ఇంతవరకూ మీరు విన్నదీ అంటూ ఒక గొంతు వచ్చి, ఎలుకల నివారణ మీద ప్రసంగం మొదలైంది. నాలుగు నిమిషాలయిపోయాయి.

నాలుగు నిమిషాల్లో తొమ్మిది పేర్లే పట్టాయి. పట్టనివి అయిదు. ఎలుకలకు పదిహేను నిమిషాలున్నాయి.

 మార్త మోకాలి లోతు బురదలో నిలబడి ఉంది. తొమ్మిది తర్వాత పది అని, పది తానేనని, వరసలో నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. సంపూర్ణమ్మ ఎలుకల వైపు చూడలేదు. ఊరివైపు చూడలేదు. చెంగు దోపుకుని, వంగి, రేడియో ఎక్కడ వదిలిందో అక్కడ ఎత్తుకుంది.

"మార్తమ్మ నాటిందీ వరసా..."

ఆగింది. నెలా పదిహేను రోజులుగా ఆమె ఎత్తుకున్నది ఎవరూ అందుకోలేదు.

"వంకర లేని వరసా!" అంది మార్త, కొట్టినట్టు. "ఏమే, చూస్తారేంటే, నాటండి! మిగతా నలుగుర్నీ ఎవడు పాడతాడు, ఎలుకలోడా?"

పద్నాలుగు చేతులు ఒక్కసారి బురదలో దిగాయి.

మర్నాడు టేపు తుడిచేశారు. రాత్రికి ఒక్క కిలోవాటు ఒక్క కిలోవాటుగానే ఉంది, ఎర్రగీత ఉయ్యూరు దగ్గరే ఆగింది. ఏడుకొండలుగారు పైకి రాశారట, పైవాళ్ళు ఇంకా పైకి రాశారట. సెప్టెంబరు కార్డు వచ్చినప్పుడు వెంకటప్పయ్య దాన్ని సంపూర్ణమ్మ ఇంటికే పంపాడు. ఆమె పూరించి, ఈసారి సంతకం తానే పెట్టింది.

పగలు: తొమ్మిది పేర్లు వినపడినవి. అయిదు వినపడలేదు.

రాత్రి: ఏమీ వినపడలేదు.